పుట్టబోయేవాళ్ళ కోసం దిగిన ఫోటో

పాత పెంకుటిళ్ళలో వసారా గోడకు, గుమ్మాల పైన, ఫోటో పటాలు వరసగా ఉండేవి. ఇప్పట్లా గోడకు ఆనించి తగిలించేవారు కాదు. అడుగున రెండు మేకుల మీద నిలిపి, పైన తాడు కట్టి, ముందుకు వాలేట్టు బిగించేవారు. కింద మంచం మీద కూర్చున్నవాళ్ళకు కూడా మొహాలు సూటిగా కనబడాలన్నది ఉద్దేశం. అలా వాలిన పటానికీ గోడకూ మధ్య సందులో పిచ్చుకలు గూడు పెట్టుకునేవి. గడ్డిపోచలు గచ్చు మీద రాలుతున్నా ఎవరూ వాటి జోలికి వెళ్ళేవారు కాదు. తాతముత్తాతల వీపు చాటున ఏటా పిచ్చుకపిల్లలు రెక్కలు తొడుక్కునేవి.

ఆ పటాల్లో ఎవరూ నవ్వరు. అందరూ బిగుసుకుని, కళ్ళు పెద్దవి చేసి, ఎదురుగా చూస్తుంటారు. కెమెరా అంటే భయమని కొందరంటారు. ఆ రోజుల్లో ఫోటో పడడానికి చాలాసేపు పట్టేది కాబట్టి నవ్వు నిలవదని మరికొందరంటారు. తొలినాళ్ళ ఫోటోలకైతే ఆ మాట కొంత వర్తిస్తుంది. కానీ మన పల్లెల్లో వసారాలకెక్కిన ఫోటోల్లో ఎక్కువ భాగం 1940ల తర్వాతివి. అప్పటికి దీపాల వెలుగులో ఒక్క సెకను కదలకుండా ఉంటే చాలు. ఒక్క సెకను నవ్వడం ఎవరికైనా చేతనవుతుంది. వాళ్ళు నవ్వకపోవడానికి కారణం వేరే ఉందని నాకనిపిస్తుంది. వాళ్ళు ఆ ఫోటోను తమ కోసం దిగలేదు. తాము లేని కాలంలో, తమను ఎరగనివాళ్ళు చూస్తారని తెలిసి దిగారు. కొత్తవాళ్ళ ముందు నిలబడినప్పుడు మనిషి ఎలా నిలబడతాడో అలా నిలబడ్డారు.

ఫోటో సంగతి 1839లో ప్యారిస్‌లో లోకానికి తెలిసింది. మరుసటి ఏడాదికే కలకత్తా చేరింది. 1856 నాటికి మద్రాసులో ఫోటోగ్రఫీ సొసైటీ కూడా వెలిసింది. మామూలు రైతు కుటుంబం దాకా రావడానికి మాత్రం మరో వందేళ్ళు పట్టింది. మొదట్లో కెమెరా ముందు కూర్చున్నవాళ్ళు దొరలు, నవాబులు, జమీందార్లు. మీరట్ దగ్గర సర్ధానాలో 1844లో పుట్టిన లాలా దీన్ దయాళ్, రూర్కీలో చదువుకుని, ఇండోర్‌లో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టి, చివరికి హైదరాబాదు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. సికిందరాబాదులో స్టూడియో పెట్టారు. ఘోషా స్త్రీల కోసమే 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తైన గోడలు, లోపల ఒక ఆంగ్లేయ మహిళ అజమాయిషీ. పరాయి మగవాడి కంట పడకూడదన్న కట్టుబాటులో పుట్టి పెరిగిన స్త్రీలు కూడా తమ రూపం కాగితం మీద నిలవాలని కోరుకున్నారు. ఆ కోరిక ఎంత బలమైనదో చెప్పడానికి ఆ ఎత్తైన గోడలే సాక్ష్యం.

ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందన్న నమ్మకం మా నాన్నమ్మ కాలం దాకా గట్టిగానే ఉంది. ఇప్పుడు వింటే వెర్రిగా తోస్తుంది. కానీ అది నమ్ముతూనే వాళ్ళు స్టూడియోకు వెళ్ళారు. ఉన్న ఆయుష్షులో కొంత పోతే పోయిందనుకుని కెమెరా ముందు కూర్చున్నారు. రేపటివాళ్ళకు తన మొహం ఇచ్చిపోవడానికి మనిషి అంతకంటే ఏం చెల్లించగలడు?

మా ఇంట్లో ఉన్న అన్నిటికంటే పాత ఫోటో 1956 నాటిది. వెనక స్టూడియో రబ్బరు ముద్ర ఊదారంగులో సగం చెరిగిపోయి ఉంది. కింద పెన్సిల్‌తో ఏడాది వేసి ఉంది. తీసిన చోటు తెనాలి. ఆంధ్రా ప్యారిస్ అని పేరుపడ్డ ఊరు, నాటకాలకు పెట్టింది పేరు. చుట్టుపక్కల పల్లెలవాళ్ళకు నగలు కొనాలన్నా, సినిమా చూడాలన్నా, ఫోటో దిగాలన్నా తెనాలే. మా మేనత్తకు సంబంధం కుదిరింది. ఆడపిల్ల అత్తవారింటికి వెళ్ళిపోతే మళ్ళీ అందరూ ఒక్కచోట ఎప్పుడు చేరతారోనని, పెళ్ళికి ముందే ఫోటో దిగాలని మా తాతయ్య పట్టుబట్టాడు. తెల్లవారుజామున బండి కట్టారు. పట్టుచీరలు మూటకట్టి తీసుకెళ్ళి, స్టూడియో వెనక గదిలో కట్టుకున్నారు. దారిలో దుమ్ముకు పాడవుతాయని.

ఆ రోజుల్లో స్టూడియోలన్నీ ఇంచుమించు ఒకే తీరుగా ఉండేవి. ముందు గదిలో గాజు తలుపుల బీరువా, అందులో ఊళ్ళోవాళ్ళ ఫోటోలు. ఎవరి ఫోటో ఆ బీరువాలో పెడితే వాళ్ళు నాలుగు రోజులు బజార్లో తలెత్తుకు తిరిగేవారు. పక్కన నిలువుటద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. తీయించుకునేవాళ్ళకు లేకపోతే వేసుకోవడానికి ఒక కోటు, ఒక టై. లోపలి గదిలో కాళ్ళ మీద నిలబెట్టిన ఫ్లడ్ లైట్లు, వెనక గోడ నిండా రంగులు వేసిన తెర. నాటకాల తెరలు రాసే చేతులే మా వైపు స్టూడియో తెరలూ రాసేవి. అందుకే మా ఫోటోలో మా వాళ్ళ వెనక పాలరాతి మెట్లు, లావుపాటి స్తంభాలు, దూరంగా సరస్సు, అందులో హంసలు ఉన్నాయి. కృష్ణా డెల్టా నల్లరేగడిలో పుట్టి పెరిగినవాళ్ళు పాలరాతి మెట్ల ముందు నిలబడ్డారు.

ఆ తెరను అబద్ధం అనడానికి నాకు మనసొప్పదు. అబద్ధం ఎదుటివాణ్ణి నమ్మించడానికి చెబుతారు. ఆ మేడ మాదేనని మా తాతయ్య ఎవరినీ నమ్మించబోలేదు. నాటకంలో తెర మీద అడవి ఉంటే అది అడవి కాదని చూసేవాళ్ళందరికీ తెలుసు, అయినా ఆ అడవిలో నడిచే దమయంతి కష్టం నిజమే. అలాగే ఆ తెర ముందు నిలబడ్డ మనుషుల ఆశా నిజమే. తమ పిల్లలు మెట్లున్న ఇళ్ళల్లో బతకాలని వాళ్ళు అనుకున్నారు. అనుకున్నది రుజువుగా కాగితం మీద నిలిచింది.

ఎవరెక్కడ ఉండాలో చెప్పేది ఫోటోగ్రాఫరే. కుర్చీలో తాతయ్య, పక్క కుర్చీలో నాన్నమ్మ. ఆవిడ అంతకుముందు తాతయ్య సరసన కుర్చీలో కూర్చుని ఎరగదని మా మేనత్త చెబుతుంది. ఇంట్లో ఆయన కూర్చుంటే ఆవిడ నిలబడి ఉండేది, లేదా గుమ్మం అవతల ఉండేది. తెనాలి స్టూడియోలో ఒక కొత్త మనిషి “అమ్మా, మీరు ఇలా కూర్చోండి” అని కుర్చీ చూపిస్తే కూర్చుంది. నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనక నిలబడిన ఆ మనిషికి కెమెరా వెనకవైపు గరుకు గాజు మీద కుటుంబమంతా తలకిందులుగా కనబడుతుంది. ఆ తలకిందుల బొమ్మలోనే ఎవరి భుజం ఎవరికి అడ్డొస్తోందో, ఏ చీర అంచు మడతపడిందో చూసుకుని, బయటికి వచ్చి సరిచేసేవాడు. తాతయ్య మోచేతిని కుర్చీ చేతి మీద పెట్టించి, చొక్కా కఫ్ కొంచెం పైకి లాగించాడు. చేతి గడియారం కనబడేట్టు. ముందు వరసలో నేల మీద కూర్చున్న మా నాన్న ఒక్కడే కదిలాడు. ఆయన కుడిపాదం మసకగా, రెండు పాదాల్లా పడింది.

ఫోటో తీయడంతో పని సగమే అయ్యేది. మిగతా సగం చీకటి గదిలో, కిటికీ దగ్గరి బల్ల మీద జరిగేది. మా ఫోటో హాఫ్ ప్లేట్ సైజు, అంటే నాలుగు ముప్పావు అంగుళాలకు ఆరున్నర అంగుళాలు. నెగటివ్ అంత పెద్దది కాబట్టి దాని మీద చేత్తో పని చేయడానికి వీలుండేది. ఆ పనిని టచింగ్ అనేవారు. ఏటవాలు బల్లలో నెగటివ్ బిగించి, కింద అద్దం పెట్టి, కిటికీ వెలుగును నెగటివ్ గుండా పైకి మళ్ళించి, సూదిలా చెక్కిన పెన్సిల్ మొనతో మొహాల మీద చుక్కలు పెట్టేవారు.

మా నాన్నమ్మకు చిన్నతనంలో అమ్మవారు పోసింది. బుగ్గల నిండా మచ్చలు ఉండేవని ఆవిణ్ణి ఎరిగినవాళ్ళందరూ చెబుతారు. ఫోటోలో మాత్రం బుగ్గలు నున్నగా ఉన్నాయి. మచ్చ గుంటలో నీడ ఉంటుంది. నెగటివ్‌లో నలుపు తెలుపు తారుమారవుతాయి కనుక ఆ నీడ పడ్డ చోట నెగటివ్ పలచగా, వెలుతురు దూరేట్టు ఉంటుంది. అక్కడ పెన్సిల్‌తో పూడిస్తే అచ్చులో ఆ నలుపు పోయి చర్మంలో కలిసిపోతుంది. ఆవిడ చేయమని అడిగి ఉండదు. అడిగే మనిషి కాదు. పెళ్ళికి ముందు దిగుతున్న ఫోటో కదా అని ఆ టచింగ్ చేసే మనిషే ఒక పూట కూర్చుని, తనకేమీ కాని ఒక స్త్రీ మొహంలోంచి మశూచిని తుడిచేశాడు. 1977లో ఆ జబ్బు దేశంలోంచే పోయిందని ప్రకటించారు. మా నాన్నమ్మ మొహంలోంచి అంతకు రెండు దశాబ్దాల ముందే పోయింది.

ఈ మధ్య ఆ ఫోటోను స్కాన్ చేయించి బాగా పెద్దది చేసి చూస్తే బుగ్గల మీద సన్నటి లేత చుక్కలు, గీతలు గుంపులు గుంపులుగా కనిపించాయి. పెన్సిల్ ఆనిన చోట్లవి. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడక్కడ మచ్చలుండేవి. చెరిపేయడానికి పెట్టిన చుక్కలే ఆ మచ్చలకు ఆనవాళ్ళుగా మిగిలాయి. అరవై ఏళ్ళు దాటినా ఒక మనిషి పడ్డ బాధా, ఇంకో మనిషి చూపిన దయా ఒకే చోట, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

మరో సంగతి కూడా చెప్పాలి. ఫోటో అచ్చువేసే బ్రోమైడ్ కాగితానికి ఎర్ర వెలుతురు అంటదు కాబట్టి చీకటి గదిలో ఎర్ర బల్బు పెట్టుకునేవారు. డెవలపర్‌లో బొమ్మ తేలాక, అది నిలవడానికి హైపో అనే రసాయనంలో వేసేవారు. ఆ తర్వాత అందరూ తేలిగ్గా తీసుకునే పని ఒకటి ఉంది. కడగడం. కాగితంలో హైపో మిగిలిపోతే అప్పటికేమీ తెలియదు. కొన్నేళ్ళకు ఫోటో పచ్చబడి, మొహాలు వెలిసిపోయి, చివరికి చీర అంచులూ కుర్చీ కాళ్ళూ మాత్రం మిగులుతాయి. మా ఫోటో ఇప్పటికీ నల్లగా, నిగనిగలాడుతూ ఉందంటే ఆ రోజు ఆ స్టూడియోలో పనికి కుదిరిన ఏ కుర్రాడో ఓపిగ్గా బావి నీళ్ళు తోడి, మార్చి మార్చి కడిగాడన్నమాట. ఒకటి రెండుసార్లు తక్కువ కడిగినా డబ్బులిచ్చే మా తాతయ్యకు తెలిసేది కాదు. ఆ కష్టం ఫలితం ఆయనకు కాదు, నాకు అందింది. కూర్చున్నవాళ్ళే కాదు, తీసినవాళ్ళు, దిద్దినవాళ్ళు, కడిగినవాళ్ళు కూడా రాబోయే కాలానికే పని చేశారు.

అలాంటి స్టూడియో ఊళ్ళో ప్రతి ఇంటికీ ఏదో ఒక ఘడియలో అవసరపడేది. పెళ్ళిచూపులకు ముందు అబ్బాయి వాళ్ళకు పోస్టులో పంపే ఫోటో అక్కడిదే. పూలజడ వేసుకున్న ఆడపిల్లను అద్దానికి వీపు పెట్టి నిలబెట్టి, ఇటు మొహమూ అటు జడా ఒకే ఫోటోలో పడేట్టు తీసేది అక్కడే. పరీక్ష హాల్ టిక్కెట్టుకూ అక్కడికే. బతికుండగా ఒక్క ఫోటో కూడా దిగని పెద్దమనిషి పోతే, కబురందుకుని కెమెరా మోసుకుంటూ ఇంటికి వచ్చేదీ ఆ ఫోటోగ్రాఫరే. శవాన్ని గోడకు ఆనించి కూర్చోబెడితే, ఏడుపుల మధ్య మాట్లాడకుండా ఫోటో తీసి, పెద్దకర్మ నాటికి పటం కట్టించి తెచ్చేవాడు.

ఇక మా ఫోటోలో లేని ఇద్దరి గురించి.

తాతయ్యకు ఒక అక్క. పదిహేనో ఏట భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. మా నాన్న వాళ్ళు ఆవిణ్ణి పెద్దత్త అనేవారు. పిల్లలందరినీ పెంచింది ఆవిడే. పెళ్ళికూతురయ్యే మా మేనత్త ఆ రోజు ఇంకో ఫోటో విడిగా దిగింది, అద్దం ముందు పూలజడతో. ఆ ఫోటో చూపించి నేను అడిగితే మా మేనత్త చెప్పింది. “పెద్దత్త కూడా బండిలో వచ్చింది నాన్నా. స్టూడియో బయట అరుగు మీద కూర్చుంది. శుభమా అని ఫోటో దిగుతుంటే ఆవిడెందుకని ఎవరో అన్నారు. ఎవరూ కాదనలేదు. ఆ జడ కుట్టింది మాత్రం ఆవిడే. రాత్రంతా వెనక వసారాలో లాంతరు పెట్టుకుని కుట్టింది.”

శుభానికి ఎదురు రాకూడదన్న మనిషి చేతిపని శుభానికి పనికొచ్చింది. మనిషి పనికి రాలేదు. అద్దంలో కనిపిస్తున్న ఆ జడలో మల్లెమొగ్గలు ఒక్కటీ వంకర లేకుండా, వరస తప్పకుండా ఉన్నాయి. లోకంలో పెద్దత్తకు మిగిలిన ఆనవాలు అదొక్కటే. ఆవిడ మొహం ఎలా ఉండేదో మా ఇంట్లో ఇప్పుడు మా మేనత్తకు తప్ప ఎవరికీ తెలియదు.

రెండోవాడు బండి తోలుకొచ్చిన పాలేరు. ఎద్దులను పట్టుకుని ఆయనా బయటే ఉన్నాడు. ఆయనను లోపలికి పిలవాలన్న ఆలోచన కూడా ఎవరికీ వచ్చి ఉండదు. 1993లో ఓటర్లకు ఫోటో గుర్తింపు కార్డులు ఇవ్వాలని ఎన్నికల సంఘం ఆదేశించాక, మా ఊళ్ళో ఎందరో కూలీలు జీవితంలో మొదటిసారి కెమెరా ముందు నిలబడ్డారు. ఆయనా అప్పుడే నిలబడ్డాడు, ముసలితనంలో. పోయాక వాళ్ళ పిల్లలు ఆ కార్డు మీది గోరంత ఫోటోనే స్టూడియోకు పట్టుకెళ్ళి పెద్దది చేయించి పటం కట్టించుకున్నారు. పెద్దది చేస్తే మొహం మసకబారింది. అయినా ఆ ఇంట్లో రోజూ దానికి దండం పెట్టుకుంటారు.

అందుకే కుటుంబం ఫోటో అంటే నాకు ప్రేమతో పాటు ఒక బరువు కూడా తోస్తుంది. వాళ్ళు మన కోసం ముస్తాబయ్యారు, నిజమే. మనం ఎవరిని చూడాలో, ఎవరిని చూడనక్కర్లేదో కూడా ఆ రోజే నిర్ణయించేశారు. ఫోటోగ్రాఫర్ కుర్చీ చూపించినంత మాత్రాన మా నాన్నమ్మకు ఆ ఒక్క సెకను తాతయ్యతో సమానంగా చోటు దొరికింది. బయట అరుగు మీద కూర్చున్నావిడకు ఆ సెకను కూడా దొరకలేదు. ఆ రెండూ జరిగింది ఒకే పొద్దున, ఒకే గోడకు అటూ ఇటూ.

ఆ స్టూడియోలు ఇప్పుడు లేవు. 1980లలో రంగుల ఫోటోలు, వాటి ల్యాబులు వచ్చి చీకటి గదులను మూయించాయి. తర్వాత డిజిటల్ కెమెరాలు, ఫోన్లు వచ్చాయి. మన దేశానికి నలుపు తెలుపు ఫిల్మూ కాగితమూ తయారుచేయడానికి 1960లో ఊటీలో పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సైతం మూతపడింది. స్టూడియోలతో పాటే వాటి వెనక గదుల్లోని నెగటివ్‌లూ పోయాయి. కవరు మీద నంబరు వేసి, పేరు రాసి, ఊరందరి మొహాలూ అట్టపెట్టెల్లో దాచిన చోట్లవి. వాటిలోని వెండి కోసం కొన్ని అమ్ముడయ్యాయి, వానకు తడిసి అతుక్కుపోయి కొన్ని చెత్తలోకి పోయాయి. ఎక్కడైనా ఏ ముసలి ఫోటోగ్రాఫర్ ఇంటి అటక మీదో అలాంటి పెట్టె ఇంకా ఉంటే, ఆ ఊరివాళ్ళు దాన్ని తమ ఊరి చరిత్రగా భావించి కాపాడుకోవాలి. శాసనాలు రాజుల పేర్లు చెబుతాయి. ఊరి మనుషుల మొహాలు చెప్పేది ఆ పెట్టె ఒక్కటే.

ఇంట్లో మనం చేయగలిగింది ఇంకా తేలిక. ఫోటోలో ఎవరెవరున్నారో తెలిసినవాళ్ళు ఉండగానే అడిగి రాసుకోవాలి. బాల్ పెన్నుతో వద్దు, నొక్కుడుకు ముందువైపు గీతలు తేలతాయి. మెత్తటి పెన్సిల్‌తో, వెనక అంచున, వరస ప్రకారం పేర్లు. ఆ పైన ఏ ఊరు, ఏ సందర్భం. నేను మా ఫోటో వెనక అలాగే రాశాను. లోపలివాళ్ళ పేర్లయ్యాక ఒక గీత గీసి, బయట ఉన్నవారు అని పెట్టి, పెద్దత్త పేరు, పాలేరు పేరు రాశాను. ఆవిడ అసలు పేరేమిటో చెప్పడానికి మా మేనత్త కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. అందరూ వరసపెట్టి పిలిచేవారే తప్ప పేరుతో పిలిచినవాళ్ళు లేరు.

మనల్ని ఎరగకుండానే మన కోసం ఒక సెకను ఊపిరి బిగబట్టి కూర్చున్నవాళ్ళకు మనం బాకీ ఉన్నాం. వాళ్ళెవరో చెప్పగలిగితే ఆ బాకీలో సగం తీరుతుంది. వాళ్ళతో పాటు వచ్చి గడప బయట ఆగిపోయినవాళ్ళెవరో కూడా చెప్పగలిగితేనే పూర్తిగా తీరుతుంది. ఈసారి పండక్కి అందరూ చేరినప్పుడు ఆ పాత పటం దించండి. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ ఒళ్ళో పెట్టి, ముందు లోపలివాళ్ళ గురించి అడగండి. తర్వాత, ఆ రోజు ఇంకా ఎవరెవరు వచ్చారని తప్పకుండా అడగండి.